గడ్డిని చూసి మిషన్ కొనండి

రండర్రా, అరుగు మీద చాప వేశాను, వచ్చి కూర్చోండి. ఇవాళ గడ్డి కబుర్లు. అమెరికాలోని టెక్సాస్‌లో, డాలస్ పక్కన మీ పెదనాన్న కొత్త ఇల్లు కొన్నాడు కదా, ఇంటి ముందూ వెనకా పచ్చిక ఉందట. నిన్న మీ అక్క ఫోన్ చేసి, "తాతయ్యా, గడ్డి కోసే మిషన్లు కొట్టు నిండా ఉన్నాయి. చేత్తో తోసేవి, వాటంతట అవే నడిచేవి, ఎక్కి కూర్చునేవి, పెట్రోలువి, బ్యాటరీవి. నాన్నకి ఏది కొనాలో తేలడం లేదు. నువ్వు చెప్పు" అంది. అడిగిన తీరుకి ముచ్చటేసింది. దానికి చెప్పిన సంగతులే మీకూ చెబుతాను, తీరిగ్గా, కొసరు కథలతో సహా.

ముందు ఒక్క మాట. ఇందులో మిషన్ సంగతి రెండోది. మొదటిది గడ్డి సంగతి. ఏ గడ్డో తెలిస్తే ఎంత ఎత్తున కొయ్యాలో తెలుస్తుంది. ఎత్తు తెలిస్తే ఎలాంటి బ్లేడు కావాలో తేలుతుంది. ఆ తర్వాత నేల ఎంత, వాలు ఎంత అని చూసుకోవాలి. రంగూ, కంపెనీ పేరూ అన్నిటికన్నా చివర. చాలామంది ఈ వరసని తలకిందులు చేసి, మిషన్ కొన్నాక గడ్డి వైపు చూస్తారు.

చిన్నోడా, ఆ గట్టు మీంచి ఓ గరిక పిలక పీక్కురా. వేళ్ళతో సహా తే నాయనా. ఆఁ, ఇదిగో చూడండి. ఇటు తులసికోటలో తులసి ఉంది. దాని కొస గిల్లేస్తే ఆ రెమ్మ పొడుగు పెరగడం అంతటితో సరి. పక్కనుంచి కొత్త కొమ్మలు రావాల్సిందే. ఎందుకంటే తులసికి పెరిగే చోటు కొసలో ఉంటుంది. గరికకి అలా కాదు. ఈ ఆకు కాండాన్ని చుట్టుకుని తొడుగులా ఉన్న చోటు చూశారా? ఆకు పెరిగే చోటు అక్కడ, అడుగున ఉంటుంది. కొస ముందే పుట్టేసింది, వయసులో పెద్దది. కొత్త భాగం కింద తయారై పాతదాన్ని పైకి నెడుతూ ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే మీరే చేసి చూడండి. అప్పుడే వస్తున్న లేత గడ్డి ఆకు తొడుగులోంచి బయటపడే చోట బాల్ పెన్నుతో సన్నని చుక్క పెట్టండి. కొస దగ్గర ఇంకో చుక్క. నాలుగు రోజులాగి చూస్తే కింది చుక్క పైకి ఎక్కి ఉంటుంది, దాని కింద మచ్చలేని కొత్త ఆకు కనిపిస్తుంది. పై చుక్కకీ కొసకీ మధ్య దూరం మాత్రం పెట్టినప్పుడు ఎంతో అంతే. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే ప్రపంచంలో పచ్చికలూ లేవు, క్రికెట్ మైదానాలూ లేవు. ఆవు మేసినా, గొర్రె కొరికినా, మిషన్ కోసినా గడ్డి మళ్ళీ లేస్తోందంటే దాని ప్రాణం కిందనే దాచుకుంది కాబట్టి. లక్షల ఏళ్ళు పశువుల నోటికింద బతికి నేర్చుకున్న విద్య అది.

అలాగని ఎంత కోసినా ఓర్చుకుంటుందా? ఓర్చుకోదు. ఆకు మొక్కకి వంటిల్లు. ఎండ మంట, గాలీ నీళ్ళూ సరుకులు, వండేది చక్కెర. మన వంటింట్లో మూడు పొయ్యిలున్నాయనుకోండి. ఒకటి ఆర్పేస్తే భోజనం కాస్త ఆలస్యం అవుతుంది, అంతే. రెండు ఆర్పేస్తే ఇంటిల్లిపాదికీ పస్తే. ముందు ఆకలికి మాడేది వేళ్ళు. 1955లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున క్రైడర్ అనే ఆయన గడ్డి వేళ్ళ మీద ఓ పరిశోధన వెలువరించాడు. సగం, అంతకు మించి ఆకు ఒక్కసారే కోసేస్తే వేళ్ళ పెరుగుదల కొన్నాళ్ళపాటు ఆగిపోతోందని తేల్చాడు. అందుకే పచ్చిక పెంచేవాళ్ళంతా పాటించే సూత్రం ఒకటుంది. ఏ కోతలోనూ మూడో వంతుకి మించి తియ్యకూడదు. రెండంగుళాలు ఉంచాలంటే మూడంగుళాలు అయ్యేసరికి కోత పడాలి. ఊరెళ్ళొచ్చేసరికి ఆరంగుళాలు పెరిగిపోయిందా, ఒకేసారి గొరిగెయ్యకుండా రెండు మూడు విడతలుగా దించుకోవాలి.

మరి మీ పెదనాన్న పెరట్లో ఏముంది? ఫొటో పంపమన్నాను. చూడగానే గుర్తుపట్టాను, మన గరికే! అక్కడ బెర్ముడా గడ్డి అంటారు. మనం వినాయక చవితి పత్రిలో పెట్టేదీ, టెక్సాస్‌లో ఇళ్ళ ముందు పరుచుకున్నదీ ఒకే జాతి, శాస్త్రంలో దాని పేరు సైనోడాన్ డాక్టిలాన్. ఎండని లెక్కచెయ్యదు, నేల మీద తీగలు పారుతుంది, నేల లోపల దుంప తీగలూ పంపుతుంది. అందుకే తక్కువ ఎత్తున కోసినా తట్టుకుంటుంది. జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ ఊళ్ళో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త దీనికీ ఓ ఆఫ్రికా గరికకీ పుట్టిన టిఫ్‌వే అనే సంకరాన్ని ఎంచి పెంచాడు. 1960లో బయటికొచ్చిన ఆ సన్నాకు గరిక ఆటస్థలాల్లో ఎంత పేరు తెచ్చుకుందో చెప్పలేను.

మామూలు బెర్ముడాని ఒకటిన్నర, రెండంగుళాల ఎత్తున ఉంచితే సుఖంగా ఉంటుంది. సంకర రకాల్ని అంగుళం లోపుకి కూడా దించవచ్చు. అదే టెక్సాస్‌లో పక్కింటివాళ్ళు వెడల్పాకు సెయింట్ ఆగస్టీన్ గడ్డి వేసుకున్నారనుకోండి, దానికి నేల లోపల తీగలు లేవు, పైన పాకేవే. కిందికంటా కోస్తే కోలుకోవడం కష్టం. మూడంగుళాల దాకా ఉంచాలి. ఉత్తరాన న్యూజెర్సీ వైపు చలి ఓర్చే టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్ ఎక్కువ. వాటికీ మూడంగుళాల పైమాటే మంచిది. ఒకే దేశంలో ఉన్న ఇద్దరు తెలుగువాళ్ళకి ఒకే మిషన్ నప్పకపోవడం ఇందుకే.

ఇప్పుడు మిషన్ల పుట్టుక చెబుతాను. ఇంగ్లండులో పెద్ద బంగళాల ముందు పచ్చికని ఒకప్పుడు గొర్రెలు మేసేవి, లేదా మనుషులు పొడుగాటి పిడి కొడవళ్ళతో తెల్లవారుజామున మంచు ఆరకముందే కోసేవాళ్ళు. గ్లోస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ అని ఓ ఊరుంది, ఉన్ని బట్టలకి ప్రసిద్ధి. అక్కడి మిల్లుల్లో నేసిన బట్ట మీద లేచిన నూగుని సమంగా కత్తిరించడానికి ఓ యంత్రం ఉండేది, మెలి తిరిగిన బ్లేడ్ల డోలు గుండ్రంగా తిరుగుతూ నూగు తీసేది. ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ దాన్ని చూసి, బట్ట మీద నూగు తీసేది నేల మీద గడ్డి ఎందుకు తియ్యదనుకున్నాడు. 1830లో పేటెంట్ తీసుకున్నాడు. ఇరుగుపొరుగు చూసి ఏమనుకుంటారోనని రాత్రిళ్ళు పరీక్షించేవాడని చెప్పుకుంటారు. ఇనుముతో చేసిన ఆ మిషన్ 19 అంగుళాల వెడల్పు కోసేది, వెనక ఒకరు తోస్తే ముందు ఇంకొకరు లాగేవారు. మొదట్లో కొన్నవాళ్ళలో లండన్ రీజెంట్స్ పార్కు జంతుప్రదర్శనశాల ఒకటి. తర్వాత గుర్రాలు లాగే పెద్దవి వచ్చాయి, పచ్చిక మీద గిట్టల ముద్రలు పడకుండా ఆ గుర్రాల కాళ్ళకి తోలు బూట్లు తొడిగేవారు!

బడ్డింగ్ మిషన్ వంశం ఇవాళ్టికీ ఉంది, దాన్నే రీల్ మిషన్ అంటారు. ఇది కత్తెర పని చేస్తుంది. కింద కదలని బ్లేడు ఒకటి, పైన తిరిగే డోలు మీద అయిదో ఏడో మెలిక బ్లేడ్లు. రెండింటి మధ్య పోచ ఇరుక్కుని కచ్చున తెగుతుంది. కోత అంచు నున్నగా ఉంటుంది. సెట్టింగు సరిగా ఉందో లేదో తెలియాలంటే వార్తాపత్రిక ముక్క ఒకటి బ్లేడ్ల మధ్య పెట్టి డోలుని మెల్లగా తిప్పుతారు, వేళ్ళు మాత్రం దూరంగా ఉంచాలి. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కాగితం శుభ్రంగా తెగితే సరిగ్గా ఉన్నట్టు. కొన్నిచోట్ల తెగి, కొన్నిచోట్ల మడతపడితే సర్దుకోవాల్సి ఉన్నట్టు. చేత్తో తోసే రీల్ మిషన్‌కి పెట్రోలొద్దు, కరెంటొద్దు, చప్పుడూ ఉండదు. కానీ బాగా ఎదిగిన గడ్డిని డోలు ముందుకి వంచేస్తుందే తప్ప కొయ్యదు. పుల్ల అడ్డుపడితే టక్కున ఆగిపోతుంది. చేత్తో తోసేవాటిలో చాలావరకు రెండున్నర, మూడంగుళాలకి మించి ఎత్తు పెట్టుకోవడం కుదరదు. కనుక పొట్టిగా ఉంచే గరికకి అది దివ్యంగా ఉంటుంది, సెయింట్ ఆగస్టీన్‌కి పనికిరాదు.

రెండో వంశం రోటరీ. ఇది కొడవలి పని చేస్తుంది. ఇక్కడో చక్కటి సంగతి ఉంది, జాగ్రత్తగా వినండి. కొడవలితో వరి కోసేటప్పుడు మనవాళ్ళు ఎడమచేత్తో దుబ్బు పట్టుకుంటారు కదా, ఎందుకు? పట్టుకోకపోతే మొక్క వంగి తప్పుకుంటుంది. రోటరీ మిషన్‌లో ఉన్నది ఒకే ఒక్క పట్టీ బ్లేడు, కింద ఆసరాగా ఇంకో బ్లేడు లేదు, పట్టుకునే ఎడమచెయ్యీ లేదు. మరి ఎలా కోస్తుంది? ఎడమచేతి పనిని వేగం చేస్తుంది. పోచ వంగి తప్పుకునే లోపలే బ్లేడు దాన్ని దాటిపోతుంది. కదలని వస్తువు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, కదలడానికి కాస్త వ్యవధి తీసుకుంటుంది; ఆ గుణాన్నే జడత్వం అంటారని మీ ఫిజిక్సు పుస్తకంలో ఉంది. ఆ వ్యవధి కూడా ఇవ్వకపోవడమే రోటరీ చేసే పని.

ఎంత వేగం ఉండాలి అంటారా? 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుందనుకుందాం. చుట్టుకొలత అయిదున్నర అడుగులు. గుణిస్తే కొస వేగం గంటకి 300 కిలోమీటర్లు! బ్లేడు వెనక అంచు కాస్త పైకి వంచి ఉంటుంది, అది పంకాలా గాలిని పైకి లాగి, పడుకున్న పోచల్ని నిలబెడుతుంది. అందువల్ల ఎదిగిన గడ్డీ, ఎండుటాకులూ, గట్టి కాడలూ దేన్నయినా కోసేస్తుంది. ఆస్ట్రేలియాలో మెర్విన్ రిచర్డ్‌సన్ అనే ఆయన 1952లో సిడ్నీలోని తన గ్యారేజీలో పాత సామాన్లు కూర్చి ఇలాంటిది చేశాడు. పెట్రోలు ట్యాంకుకి పీచ్ పండ్ల ఖాళీ డబ్బా వాడాడు. అదే విక్టా మిషన్‌గా ఇంటింటికీ చేరింది. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో కూడా గడ్డి మిషన్లు ఆడాయంటే ఆ దేశానికి అవి ఎంత దగ్గరో చూడండి.

వేగం మీద బతికే బ్లేడుకి పదును పోతే ఏమవుతుంది? కొయ్యదు, చింపుతుంది. కోసిన మర్నాడు వంగి, ఓ ఆకు కొస కంటి దగ్గర పెట్టుకుని చూడండి. పదునైన బ్లేడు కోసింది గీత గీసినట్టు ఉంటుంది. మొండి బ్లేడు తగిలినది పీచుపీచుగా చీలి, తెల్లబడి, రెండు రోజులకి గోధుమరంగుకి తిరుగుతుంది. దూరం నుంచి పచ్చికంతా వెలిసినట్టు కనిపిస్తుంది. ఆ చీలికల్లోంచి నీరు ఎక్కువ పోతుంది, తెగుళ్ళకీ దారి దొరుకుతుంది. పాతిక గంటలు కోసేసరికి సాన పట్టించాలి. పట్టించాక బ్లేడు మధ్య కంతని గోడ మేకుకి తగిలించి చూడాలి, అడ్డంగా సమంగా నిలవాలి. ఒక పక్కకి వాలితే ఆ వైపు బరువెక్కువ, తిరిగేటప్పుడు మిషన్ అదురుతుంది.

ఇక నేల లెక్క. మీ పెదనాన్న పచ్చిక ఇల్లూ దారీ పోగా 12 సెంట్లు. మిషన్ వెడల్పు 21 అంగుళాలు, ప్రతి చాలూ పక్క చాలుని మూడంగుళాలు కలుపుకోవాలి కాబట్టి నికరంగా అడుగున్నర. లెక్కవేస్తే ఒక కోతకి కిలోమీటరు పైచిలుకు నడక. హాయిగా నడవచ్చు, ఒంటికి మంచిది కూడా. అదే ఎకరం పచ్చిక ఉంటే దాదాపు 9 కిలోమీటర్లు అవుతుంది! వారం వారం అంత నడక ఎవరివల్లా కాదు. అందుకే ఓ స్థూలమైన లెక్క చెప్పుకుందాం. అయిదారు సెంట్ల లోపయితే చేత్తో తోసేది చాలు. పాతిక సెంట్ల దాకా ఇంజనో మోటారో ఉండి, వెనక నడుస్తూ తోసే మామూలు నడక మిషన్. అర ఎకరానికి చక్రాలు వాటంతట అవే తిరిగేది ఉంటే భుజాలకి సుఖం. అంతకు మించితేనే ఎక్కి కూర్చునేదాని గురించి ఆలోచించాలి. చిన్న పెరట్లో పెద్ద మిషన్ తిప్పడానికి చోటు చాలదు, తిరిగిన ప్రతి మూలా గడ్డి నలిగిపోతుంది. ఇంకోటి, వెనక పెరటి గేటు వెడల్పు కొలవకుండా ఎవరూ మిషన్ కొనకండి.

వాలు ఉన్న చోట నియమం వేరు. నడక మిషన్‌ని వాలుకి అడ్డంగా నడపాలి, కాలు జారినా మిషన్ మీదికి రాకుండా. ఎక్కి కూర్చునేదాన్ని పైకీ కిందికీ నడపాలి, అడ్డంగా వెళితే పల్టీ కొడుతుంది. బాగా వాలుగా ఉంటే రెండూ వద్దు. ఇలాంటి చోట్ల పనికొచ్చే ఓ తమాషాని కార్ల్ డాల్‌మన్ అనే స్వీడన్ ఆయన చేశాడు. ఇంగ్లండులో కాకరెల్ కనిపెట్టిన హోవర్‌క్రాఫ్ట్ గాలి మెత్త మీద తేలుతూ వెళ్ళడం తెలుసు కదా, దాన్ని చూసి 1960ల్లో చక్రాల్లేకుండా గాలి మీద తేలే గడ్డి మిషన్ చేశాడు. దాన్ని ఎటు తోస్తే అటు జారుతుంది.

పెట్రోలా, బ్యాటరీయా? బ్యాటరీ మీద రెండు అంకెలుంటాయి, వోల్టులు, యాంపియర్ అవర్లు. రెండూ గుణించాలి. 56 వోల్టులు, 5 యాంపియర్ అవర్లు అంటే 280 వాట్ అవర్లు. మన కరెంటు బిల్లులో యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు. అంటే పావు యూనిట్ కంటే కాస్త ఎక్కువ. పొట్టిగా, పొడిగా ఉన్న గడ్డయితే 12 సెంట్లకి ఆ పావు యూనిట్ సరిపోతుంది. ఎదిగిన తడి గడ్డి అయితే బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. వోల్టుల అంకె ఒక్కటే పెద్దదిగా అచ్చేసిన డబ్బా చూసి మోసపోకూడదు, గుణకారం చెయ్యాలి. ఎకరాలకి ఎకరాలు ఆగకుండా కొయ్యాలంటే పెట్రోలు ఇంకా నిలబడుతోంది. కానీ చప్పుడూ, పొగా, ఆయిలు మార్పూ, చలికాలంలో ట్యాంకులో పాడయ్యే పెట్రోలూ దాని వెంటే వస్తాయి. పొగ మూలంగానే కాలిఫోర్నియా 2024 మోడళ్ళ నుంచి పెట్రోలు గడ్డి మిషన్ల కొత్త అమ్మకాన్ని ఆపే నిబంధన తెచ్చింది.

కోసిన గడ్డిని ఏం చెయ్యాలి? మూడో వంతు సూత్రం పాటిస్తే ముక్కలు చిన్నవి, అక్కడే వదిలెయ్యండి. మల్చింగ్ బ్లేడు ఉన్న మిషన్ వాటిని ఇంకా సన్నగా తరిగి మొదళ్ళ మధ్యకి రాలుస్తుంది. గడ్డి ముక్కల్లో నత్రజని బోలెడుంది. ఏడాదికి వెయ్యాల్సిన ఎరువులో పావు వంతు దాకా అదే తీరుస్తుంది. మన పొలంలో పచ్చిరొట్ట దున్నేది ఎందుకో, ఇదీ అందుకే.

కోత అందానికే కాదు, చిత్రమైన పని ఇంకోటి చేస్తుంది. 1859లో డార్విన్ తన జాతుల పుట్టుక పుస్తకంలో రాశాడు. ఎప్పుడూ కోస్తూ ఉండే పచ్చికలో మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న చిన్న చెక్కని కొయ్యకుండా వదిలేశారట. అందులోని 20 రకాల మొక్కల్లో 9 రకాలు చచ్చిపోయాయి. బలమైనవి పైకి లేచి బలహీనమైనవాటికి ఎండ అందకుండా చేశాయి. కోత అందరినీ ఒకే ఎత్తున ఉంచి, చిన్నవాటికీ ఎండ అందేలా చూస్తుందన్నమాట.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. గంటకి 300 కిలోమీటర్ల బ్లేడుకి రాయి తగిలితే అది తూటా అవుతుంది. కోసే ముందు పెరడంతా తిరిగి రాళ్ళూ, మేకులూ, బొమ్మలూ ఏరాలి. గట్టి బూట్లు వేసుకోవాలి, పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. అమెరికాలో 1982 నుంచి ఓ నియమం ఉంది, నడక మిషన్ పిడి వదిలితే మూడు సెకన్లలో బ్లేడు ఆగిపోవాలి. మంచి నియమమే. అయినా ఆ మూడు సెకన్లూ చెయ్యి దూరంగానే ఉండాలి. బ్లేడుని కప్పే డెక్ కింద ఇరుక్కున్న గడ్డి తియ్యాలంటే బ్యాటరీ ఊడదీశాకనే, పెట్రోలుదయితే ప్లగ్గు వైరు తీశాకనే. హైదరాబాదులో వైరు కరెంటు మిషన్ వాడేవాళ్ళయితే తడి గడ్డి జోలికి పోవద్దు, వైరు భుజం మీద వేసుకుని ప్లగ్గు దగ్గర మొదలెట్టి దూరంగా కోసుకుంటూ పోవాలి, వైరు ఎప్పుడూ వెనకే ఉండేలా.

మీ అక్కకి ఇచ్చిన తీర్పు ఇది. గడ్డి గరిక, ఎత్తు రెండంగుళాలు, నేల 12 సెంట్లు, వాలు లేదు. కనుక 21 అంగుళాల బ్యాటరీ రోటరీ, మల్చింగ్ బ్లేడుతో. మైదానంలాగా అంగుళం లోపు నున్నగా ఉండాలని మీ పెదనాన్నకి సరదా ఉంటే అప్పుడు సంకర గరికా, రీల్ మిషనూ, వారానికి రెండుసార్లు కోసే ఓపిక ఉంటేనే. హైదరాబాదు విల్లాల్లో రెండు మూడు సెంట్ల పచ్చిక ఉన్నవాళ్ళకి చేత్తో తోసే రీల్ మిషన్ చాలు, ఇంజన్లక్కర్లేదు.

ఎవరైనా సరే, కొట్టుకి వెళ్ళే ముందు పెరట్లోకి వెళ్ళండి. ఓ పిలక పీకి చూసి ఏ గడ్డో తెలుసుకోండి, నేల కొలవండి, గేటు కొలవండి. ఆ మూడూ కాగితం మీద రాసుకుని వెళితే అమ్మేవాడు ఏం చూపించినా మీకు కావలసింది మీకే తెలుస్తుంది.